పదకొండు నెలల కౌలు, పదేళ్ల నేల

ఎకరం మాగాణిలో పైనున్న పదిహేను సెంటీమీటర్ల మట్టిని తూకం వేయగలిగితే సుమారు 850 టన్నులు తూగుతుంది. అందులో సేంద్రియ కర్బనం 0.5 శాతానికి తగ్గితే భూసార పరీక్షా కేంద్రాలు ఆ నేలను ‘తక్కువ’ వర్గంలో వేస్తాయి. 0.75 శాతం దాటితే ‘ఎక్కువ’. కుళ్లిన ఆకు, పేడ, వేళ్లు, సూక్ష్మజీవుల అవశేషాల రూపంలో మట్టిలో నిలిచిపోయిన కర్బనమే సేంద్రియ కర్బనం. నేల నీటిని పట్టి ఉంచడమూ, వేసిన ఎరువు జారిపోకుండా ఆగడమూ చాలావరకు దాని మీదే ఆధారపడతాయి. దీన్ని 0.4 నుంచి 0.5 శాతానికి తేవాలంటే ఎకరానికి 850 కిలోల కర్బనం కొత్తగా నిలబడాలి. ఏటా నాలుగు టన్నుల పశువుల ఎరువు తోలితే అందులో కర్బనం 500 నుంచి 600 కిలోలు. మన ఎండలకు అందులో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో గాలిలో కలిసిపోతుంది. ఏడో వంతు నిలుస్తుందనుకుంటే ఏటా మిగిలేది 80 కిలోలకు అటూ ఇటూ. లెక్క స్థూలమైనదే. అయినా ఒక సంగతి తేలుతుంది: ఆ 0.1 శాతం పెరగడానికి పదేళ్లు పడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం గడువు 11 నెలలు.

ఈ రెండు అంకెల మధ్య దూరం గురించే ఈ వ్యాసం. ఇది కొద్దిమంది సమస్య కాదు. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం దేశం మొత్తం మీద సేద్యపు కమతాల్లో కౌలు కమతాలు 17.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. పెద్ద రాష్ట్రాల్లో ఇదే అత్యధికం. పైగా వీటిలో ఎక్కువ భాగానికి ఆ 11 నెలల కాగితమైనా లేదు. అంతా గట్టు మీద కుదిరే నోటిమాటే.

ఈ దూరం అర్థం కావాలంటే ఒక పాత వాదం దగ్గర మొదలుపెట్టాలి: భూమి సొంతదై ఉండాలా, సమష్టిదై ఉండాలా? ఆ వాదానికి ఇరవయ్యో శతాబ్దంలో దొరికిన అతిపెద్ద కొలత చైనాది. అక్కడ 1958లో పల్లెలన్నిటినీ కమ్యూన్లలోకి చేర్చారు. మనిషి చేసిన పనికి పాయింట్లు వేసి, పంట వచ్చాక వాటి ప్రకారం పంచేవారు. పాయింట్లు హాజరును కొలవగలవు కానీ శ్రద్ధను కొలవలేవు. నాటు ఎంత లోతున పడిందో, కలుపు వేరుతో వచ్చిందో లేదో పుస్తకంలోకి ఎక్కదు. ఒకడు అదనంగా పడిన శ్రమ ఫలితం వందల మందికి పంచబడుతుంది, అతని వంతుకు వచ్చేది దాదాపు శూన్యం. 1958లో 20 కోట్ల టన్నులున్న ధాన్య ఉత్పత్తి 1960కి 14.35 కోట్ల టన్నులకు పడింది. ఆ పతనంలో ప్రభుత్వ సేకరణ, ఉక్కు కొలిమిలకు కూలీలను తరలించడం, వాతావరణం కూడా ఉన్నాయి. ఆర్థికవేత్త జస్టిన్ లిన్ మరో కారణం ఎత్తిచూపాడు: అంతకుముందు సహకార సంఘం నచ్చని రైతు బయటికి పోగలిగేవాడు, 1958లో ఆ దారి మూసుకుపోయింది. బయటికి పోయే హక్కు ఉన్నంతకాలం సోమరితనం మీద అదే అదుపుగా పనిచేసిందని అతని వాదన.

1978 తర్వాత పొలాలను కుటుంబాలకు ఒప్పందం మీద ఇచ్చారు. ఆ ఏడు 30.5 కోట్ల టన్నులున్న ధాన్యం 1984 నాటికి 40.7 కోట్ల టన్నులైంది. ఇదే కాలంలో సేకరణ ధరలు పెరిగాయి, రసాయన ఎరువుల వాడకం దాదాపు రెట్టింపైంది. అవన్నీ విడదీసి చూశాక పంటల ఉత్పత్తి పెరుగుదలలో సుమారు సగం కుటుంబ ఒప్పందానిదని లిన్ 1992లో లెక్కగట్టాడు. మన చర్చల్లో తరచూ జారిపోయే ఒక వాస్తవం ఇక్కడుంది. ఆ ఆరేళ్లలో చైనాలో ఎవరికీ భూమి మీద పట్టా రాలేదు. భూమి గ్రామ సమష్టి పేరునే ఉంది, ఇప్పటికీ ఉంది. మారిందల్లా ఒక్కటే: కోటా చెల్లించాక మిగిలిన గింజ దున్నినవాడిది. అర్థశాస్త్రం ఇలాంటి మనిషిని ‘మిగులు హక్కుదారు’ అంటుంది. పని చేయాలన్న ప్రేరణ పట్టాదారు కాలమ్ నుంచి పుట్టదు, మిగులు ఎవరి చేతికి వస్తుందన్న దాని నుంచి పుడుతుంది.

దీన్ని ఒప్పుకుంటే తిరగేసి కూడా ఒప్పుకోవాలి. పట్టా ఎంత భద్రంగా ఉన్నా, దున్నేవాడు వేరై, మిగులు అతనికి రాకపోతే, సొంత ఆస్తి ఉన్నచోట కూడా కమ్యూన్‌లోని బలహీనతే కనిపించాలి. కనిపిస్తుందా అన్నది పరీక్షించదగ్గ ప్రశ్న. మన నేల మీదే పరీక్షించారు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధనా సంస్థ 1975 నుంచి కొన్ని పల్లెల్లో ఇంటింటి వివరాలు, పొలం పొలం వివరాలు సేకరించింది. మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరు వాటిలో ఉన్నాయి. రద్వాన్ షాబాన్ అనే ఆర్థికవేత్త ఇలాంటి ఎనిమిది పల్లెల లెక్కలు తీసుకుని 1987లో ఒక పోలిక చేశాడు. ఒకే రైతు కొంత సొంత పొలం, కొంత పాలుకు, అంటే పంటలో వాటాకు, తీసుకున్న పొలం చేస్తుంటే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. మనిషి ఒకడే కాబట్టి తెలివి, ఓపిక, ఎడ్లు, ఇంటి మనుషులు అన్నీ ఒకటే. తేడా వస్తే అది ఒప్పందం నుంచే రావాలి. సొంత పొలంలో దిగుబడి విలువ ఎకరానికి 32.6 శాతం ఎక్కువ తేలింది. పాలుకు ఇచ్చే పొలాలు అసలే నాసివి కావచ్చు కనుక నీటి వసతి, నేల రకం, పొలం విలువ సరిచేసి చూస్తే ఆ తేడా 16.3 శాతానికి తగ్గింది, కానీ పోలేదు. కూలీ, ఎడ్లు, విత్తనం, ఎరువు వంటి ప్రధాన పెట్టుబడులు సొంత పొలంలో 19 నుంచి 55 శాతం వరకు ఎక్కువ. సగం పంట గట్టు మీదే వెళ్లిపోయే చోట రైతు చివరి గంట పని మానుకుంటాడు. ఉగాండాలో ఈ మధ్య చేసిన ఒక ప్రయోగంలో కౌలుదారు వాటాను 50 నుంచి 75 శాతానికి పెంచితే ఉత్పత్తి 60 శాతం పెరిగింది.

షాబాన్ లెక్కల్లో రెండో ఫలితం ఉంది. నా ఆందోళన మొదలయ్యేది దాని దగ్గరే. పాలు కాకుండా గుత్తకు, అంటే ఎకరానికి ఇన్ని బస్తాలో ఇంత డబ్బో ముందే కుదుర్చుకుని తీసుకున్న పొలాల్లో, సొంత పొలాలతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. కారణం తెలిసిందే. గుత్త చెల్లించాక మిగిలేదంతా కౌలుదారుదే, కాబట్టి ఈ పంటకు సంబంధించినంతవరకు అతను పూర్తి మిగులు హక్కుదారు. కోస్తా డెల్టాల్లో ఇప్పుడు ఎక్కువగా ఉన్నది ఈ గుత్త కౌలే. దిగుబడి లెక్కలు చూసేవారికి అక్కడ లోపమేమీ కనబడదు. ఒక పంటకాలం కన్నా పొడవైన పనులను ఆ లెక్కలు కొలవవు.

పొలం పని రెండు రకాలు. యూరియా చల్లడం, కలుపు తీయడం, మందు కొట్టడం ఈ పంటలోనే ఫలితం ఇస్తాయి. పశువుల ఎరువు తోలడం, చెరువు మన్ను పోయడం, జీలుగ చల్లి కలియదున్నడం, చౌడుకు జిప్సం వేయడం, మురుగు కాలువ తవ్వడం నాలుగైదేళ్ల మీద ఫలితం ఇస్తాయి. రెండో రకం పనులకు ‘నెమ్మది పెట్టుబడి’ అని పేరు పెడదాం. ఒక ఊహా లెక్క చూడండి. ఒక బండి ఎరువు వల్ల మొత్తం 100 రూపాయల లాభం ఉందనుకుందాం: మొదటి ఏడు 40, రెండో ఏడు 30, మూడో ఏడు 20, నాలుగో ఏడు 10. బండి ఖర్చు 80. పొలం సొంతదారుకు 100 వస్తుంది, తోలతాడు. వచ్చే ఏడు ఇదే పొలం దక్కే అవకాశం సగమే అనుకునే కౌలుదారుకు ఆ లాభం విలువ 40, 15, 5, ఒకటి, వెరసి 61. అతను తోలడు. ఇందులో బద్ధకం లేదు, అజ్ఞానం లేదు. అతని స్థానంలో లెక్క తెలిసినవారెవరైనా అదే నిర్ణయం తీసుకుంటారు.

ఇది ఊహాలెక్క దగ్గరే ఆగిపోలేదు. జాకోబీ, మన్సూరీ అనే పరిశోధకులు పాకిస్థాన్ పల్లెల్లో, ఒకే రైతు చేసే సొంత పొలానికీ కౌలు పొలానికీ తోలిన పశువుల ఎరువును పోల్చి 2008లో ప్రచురించారు. కౌలు పొలానికి తక్కువ తోలుతున్నారు. అంతకుముందు 2002లో జాకోబీయే మరో ఇద్దరితో కలిసి ఈశాన్య చైనాలో ఇదే చూశాడు. గ్రామాధికారులు భూమిని తిరగ పంచే ప్రమాదం ఎక్కువున్న చోట సేంద్రియ ఎరువు వాడకం తక్కువ. ఆ తగ్గుదల వల్ల మొత్తం మీద జరిగిన నష్టం పెద్దది కాదని కూడా వాళ్లే రాశారు, ఆ మాట దాచకూడదు. అయితే అక్కడి పునఃపంపిణీ కొన్నేళ్లకొకసారి జరిగేది. మన దగ్గర కౌలు ఏటా తిరగరాస్తారు. చాలాచోట్ల అసలు రాయరు కూడా.

నెమ్మది పెట్టుబడి ఆగినా దిగుబడి వెంటనే పడదు, ఎందుకంటే సంచి ఎరువు ఆ లోటును కప్పుతుంది. టన్ను వడ్లు పండటానికి పైరు నేల నుంచి 15 నుంచి 20 కిలోల పొటాషియం తీసుకుంటుంది. ఎకరానికి 33 బస్తాలు, అంటే దాదాపు రెండున్నర టన్నులు పండితే ఒక్క పంటకు 40 నుంచి 50 కిలోలు. అందులో ఐదింట నాలుగు వంతులు గడ్డిలో ఉంటాయి. గడ్డిని నేలలో కలిపితే తిరిగి వస్తాయి, కానీ కలిపిన గడ్డి కుళ్లడానికి వారాలు పడుతుంది, లాభం తరువాతి పంటలది. అమ్మితే ఆ పొటాషియం పొలం దాటిపోతుంది. తగలబెడితే నత్రజని దాదాపు అంతా, పొటాషియంలో ఐదో వంతు పోతాయి. తిరిగి కొనాలంటే 50 కిలోల పొటాష్ బస్తా పదిహేను వందలు దాటింది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. యూరియా వేసిన వారానికి ఆకు నల్లగా తిరుగుతుంది. 11 నెలల చూపుతో ఏ బస్తా కొనాలో కౌలుదారు ఎవరినీ అడగనక్కర్లేదు. ఇలా నేలలో పాత నిల్వలు ఉన్నంతకాలం పంట కాటా దగ్గర అంకె నిలకడగానే ఉంటుంది. అది పడటం మొదలయ్యే నాటికి పదేళ్ల పని బాకీ పడి ఉంటుంది.

భూసార కార్డులు ఉన్నాయి కదా అనవచ్చు. 2015లో మొదలైన ఆ పథకంలో నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్ల గడికి ఒక నమూనా, వర్షాధారంలో పది హెక్టార్ల గడికి ఒకటి తీయాలన్నది నియమం. రెండున్నర హెక్టార్లంటే ఆరెకరాల పైమాట. డెల్టాలో అంత చోటులో నలుగురైదుగురి కమతాలుంటాయి, సొంతంగా చేసేవి కొన్ని, కౌలువి కొన్ని. వాటన్నిటికీ కలిపి ఒకే అంకె వస్తుంది. మనం భయపడుతున్న తేడా ఎక్కడైతే ఉందో, సరిగ్గా అక్కడే ఈ కొలత వాటిని కలిపేస్తుంది.

కౌలు గడువు ఇంత చిన్నదెందుకైంది? చట్టం లేక కాదు. 1956 ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం కనీసం ఆరేళ్ల గడువు పెట్టింది. 1974 సవరణ కౌలును శాశ్వతం, వారసత్వంగా సంక్రమించేది చేసింది. కాగితం మీద దేశంలోని గట్టి రక్షణల్లో ఇదొకటి. తెలంగాణలో 1950 చట్టం కింద రక్షిత కౌలుదారులు తరువాత యజమానులయ్యారు. భూస్వామి దీని నుంచి నేర్చుకున్నది ఒక్కటే: రాసిస్తే భూమి పోతుంది. అందుకే రాయడం మానేశారు, ఒకే మనిషికి వరసగా ఇవ్వడం కూడా చాలామంది మానేశారు. గడువును పొడిగించాలనుకున్న చట్టం అసలు కౌలును ఏడాదికి కుదించింది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉద్యోగం చేసుకుంటూ, తాతల నాటి నాలుగెకరాలే ఊరితో మిగిలిన బంధమనుకునే కుటుంబం దాన్ని పోగొట్టుకోవాలనుకోదు. పశ్చిమ బెంగాల్‌లో 1978 తర్వాత ఆపరేషన్ బర్గా కింద సుమారు 14 లక్షల మంది పాలుదారుల పేర్లు రాశారు, తొలగించడానికి వీల్లేకుండా చేశారు. దిగుబడి పెరిగిందని పరిశోధనలు చెప్పాయి. కానీ దాని వెనుక ఊరూరా తిరిగిన యంత్రాంగం, రాజకీయ సంకల్పం ఉన్నాయి. మన చట్టాల వెనుక అవి రాలేదు.

తరువాతి చట్టాలు ఈ భయం చుట్టూ తిరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011 చట్టం యజమాని సంతకం లేకుండానే కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వమంది. బ్యాంకులు వెనక్కి తగ్గాయి. అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే రెండో రుణం ఎలా ఇస్తారు? 2019 చట్టం యజమాని సంతకం తప్పనిసరి చేసింది. పంట రుణమూ, పెట్టుబడి సాయమూ తన పేరునే వస్తున్న యజమాని సంతకం పెట్టడానికి కారణం లేదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికి పంటకు 4 వేలు, తరువాత 5 వేలు, పట్టాదారు ఖాతాలోనే వేసింది. అక్కడి భూ రికార్డుల పోర్టల్ ధరణిలో అనుభవదారు, అంటే సాగు చేస్తున్న మనిషి, కాలమే లేకుండా పోయింది. నా ఉద్దేశంలో నేలకు ఇది అప్పు దొరకకపోవడం కన్నా పెద్ద దెబ్బ. సాయం నేలను చూసుకునే చేతికి కాక నేల మీద ఉన్న పేరుకు వెళ్తే, అది భూమి ధరలోకి పోతుంది. మట్టిలోకి రాదు.

గుత్త కౌలులో శ్రమకు ప్రేరణ పూర్తిగా ఉంటుందన్నాం. నష్టభయం కూడా పూర్తిగా కౌలుదారుదే. వర్షం తప్పినా గుత్త తప్పదు. రైతు స్వరాజ్య వేదిక 2022లో తెలంగాణ పల్లెల్లో చేసిన సర్వేలో రైతుల్లో సుమారు 36 శాతం మంది కౌలుకు చేస్తున్నారు. అదే సంస్థ టాటా సామాజిక శాస్త్రాల సంస్థతో కలిసి 2018లో చేసిన అధ్యయనంలో, ఆత్మహత్య చేసుకున్న రైతుల్లో కౌలుకు చేస్తున్నవారు సుమారు 75 శాతం.

సమష్టి సాగు మళ్లీ ఆలోచించదగ్గదేనా అన్న ప్రశ్నకు కూడా కొలిచిన జవాబు ఉంది. బీనా అగర్వాల్ కేరళలోనూ తెలంగాణలోనూ మహిళల బృంద సాగును వ్యక్తిగత సాగుతో పోల్చి 2018లో ప్రచురించారు. కేరళలో కుటుంబశ్రీ బృందాల ఉత్పత్తి విలువ హెక్టారుకు వ్యక్తిగత రైతులతో పోలిస్తే 1.8 రెట్లు. తెలంగాణ బృందాలు ఉత్పత్తిలో వెనకబడ్డాయి, నికర ఆదాయంలో మాత్రం సమానంగా నిలిచాయి. కేరళ బృందంలో సగటున ఆరుగురు, తెలంగాణలో ఇరవై పైచిలుకు. కేరళ బృందాలకు బ్యాంకు రుణం అందింది, చేరడం మానడం వాళ్ల ఇష్టం. ఆ ఆరుగురూ భూమిని చాలావరకు కౌలుకే తీసుకున్నారు. చైనా కమ్యూన్‌కూ దీనికీ ‘సమష్టి’ అన్న పేరు తప్ప పోలిక లేదు. ఆరుగురిలో ఎవరు పని తప్పించుకున్నా మిగతా ఐదుగురికి ఆ మధ్యాహ్నమే తెలుస్తుంది, నచ్చనివారు బయటికి రావచ్చు.

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో భూమి దాదాపు అంతా కౌలు మీదే సాగేది, నెమ్మది పెట్టుబడికి అక్కడా ఇదే చిక్కు వచ్చింది. సున్నం వేసి, మురుగు తీసి, ఎరువు పోసిన కౌలుదారు వెళ్లిపోతే ఆ ఖర్చు నేలలో ఉండిపోయేది. 1875లో పార్లమెంటు ఒక చట్టం చేసింది: కౌలుదారు నేలలో పెట్టి, ఇంకా వాడుకోకుండా వదిలి వెళ్తున్న మెరుగుదలకు యజమాని విలువ కట్టి చెల్లించాలి. ఒప్పందంలో రాసుకుని తప్పించుకునే వీలు మొదట ఉండేది, 1883 చట్టం ఆ వీలు తీసేసింది. ఈ చట్టాల కింద యజమాని హక్కు కౌలుదారుకు పోదు. కౌలుదారును కదపకూడదన్న నిర్బంధమూ లేదు. నెమ్మది పెట్టుబడిలో మిగిలిన భాగానికి మాత్రం హక్కుదారు దొరుకుతాడు. పైన వేసిన లెక్కలో 61ని 100 దగ్గరికి తెచ్చేది ఆ ఒక్క నిబంధన. 2016లో నీతి ఆయోగ్ ఇచ్చిన నమూనా కౌలు చట్టం యజమాని హక్కుకు హామీ ఇచ్చి కౌలును చట్టబద్ధం చేయమంది. అందులో ఇంగ్లండ్ పద్ధతికి చోటుంది.

దానికి కావలసిన పనిముట్లు మన దగ్గర సగం సిద్ధంగా ఉన్నాయి. ఏ సర్వే నంబరులో ఈ పంట ఎవరు వేశారో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఈ-క్రాప్‌లో నమోదవుతోంది. అదే నంబరు ఏ నమూనా గడిలో పడిందో, ఆ గడిలో కర్బనం ఎంతో భూసార కార్డులో ఉంది. ఈ రెండు జాబితాలనూ కలపాలి. నమూనా గడికొకటి కాక కౌలు పొలానికొకటి తీయాలి, కౌలు మొదలయ్యే రోజున ఒకసారి, వదిలే రోజున మరొకసారి. ఏటా పోలిస్తే కర్బనంలో తేడా పరీక్షలోని దోషంలో కలిసిపోతుంది, కాబట్టి కౌలు గడువు కనీసం మూడేళ్లు ఉండాలి. ఒక మండలంలో మొదలుపెట్టినా, మొదటి పోలిక చేతికి రావడానికి మూడేళ్లు పడుతుంది.